మిట్ట మీది ఊరు

హైదరాబాద్ పడమటన నల్లగండ్ల చుట్టుపక్కల కురిసే వానకు సముద్రం చేరడానికి రెండు దారులున్నాయి. మాదాపూర్ వైపు పడ్డ నీళ్లు దుర్గం చెరువు, మల్కం చెరువుల మీదుగా దిగి మూసీలో పడతాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. లింగంపల్లి దాటాక రామచంద్రాపురం, పటాన్‌చెరు వైపు పడ్డ నీళ్ల దారి వేరు. అవి నక్కవాగు పట్టుకుని మంజీరకు పోతాయి. మంజీర ఎదురుగా ఉత్తరానికి తిరిగి మెదక్, నిజామాబాద్ సీమలు చుట్టి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కణ్నుంచి బాసర, భద్రాచలం, రాజమండ్రి, అంతర్వేది. ఒకే మబ్బు నుంచి పదిహేను కిలోమీటర్ల ఎడంలో రాలిన రెండు చినుకులు ఇలా రెండు వేర్వేరు నదుల పాలవుతాయి.

పెంకుటింటి కొప్పు మీద పడ్డ వాన చెరో వాలుకు జారినట్టు నీటిని పంచే ఇలాంటి మిట్టను భూగోళ శాస్త్రంలో జలవిభాజకం అంటారు. హైదరాబాద్ పడమటి అంచు అంతా ఈ రకం నేలే. నగరం సగటు ఎత్తు సముద్ర మట్టానికి 540 మీటర్ల దాకా ఉంటుంది. ఈ వైపుకు వస్తే ఇంకాస్త పైకే ఎక్కుతాం, కానీ ఆ ఎక్కుడు కాలికి తెలియనంత నెమ్మది. అందుకే ఇక్కడ కొండ ఉందని ఎవరూ అనుకోరు. కొండాపూర్, బంజారాహిల్స్ అని పేర్లు పెట్టుకున్నవి వేరే.

పరిపాలన గీతలు కూడా ఈ మిట్ట దరిదాపుల్లోనే పడ్డాయి. నల్లగండ్ల రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో ఉంది. పక్కనున్న తెల్లాపూర్, రామచంద్రాపురం మొన్నటిదాకా మెదక్ జిల్లావి, 2016 నుంచి సంగారెడ్డి జిల్లావి. మెదక్ అంటే మంజీర జిల్లా, రంగారెడ్డి అంటే మూసీ జిల్లా. సరిహద్దును సరిగ్గా నీటివాలు చూసుకునే గీశారని నేననను. కానీ ఏ నదికి ఆ జిల్లా అన్న పాత అమరిక నీడ ఇక్కడ కనిపిస్తుంది.

ఊళ్ల చరిత్రలు సాధారణంగా నదితో మొదలవుతాయి. ఐరోపాలో మరీనూ. జర్మనీలో రైన్ ఉపనదుల లోయల్లో ఊళ్లన్నీ నీటి వెంట దండ గుచ్చినట్టే ఉంటాయి. పైన వాలు మీద ద్రాక్షతోటలు, కింద మర, చర్చి, వంతెన. లోయలో ఊరంటే నీళ్లు తమంతట తామే వస్తాయి. ఒక్కోసారి అడక్కుండానూ వస్తాయి. 2021 జులై 14 రాత్రి ఆర్ అనే చిన్న నది పొంగి, ఆ లోయలో 130 మందికి పైగా చనిపోయారు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌కు చేసింది అంతకు ఎన్నో రెట్లు. సుమారు 15 వేల ప్రాణాలు పోయాయంటారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి చేసిన సూచనలతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి.

మిట్ట మీది ఊరికి ఈ భయం లేదు. దాని కష్టం ఇంకోటి. ఇక్కడ పడ్డ ప్రతి చుక్కా కిందికి పోదామనే చూస్తుంది. పై నుంచి వచ్చే నది లేదు కాబట్టి, పోయేదాన్ని పట్టుకుని నిలబెడితేనే బతుకు. నల్లగండ్ల చెరువు పుట్టింది ఆ అవసరంలోంచే. నల్లగండ్ల చరిత్ర అంటే నా దృష్టిలో పారిపోయే నీటిని ఆపుకున్న చరిత్ర, ఆ తర్వాత ఆ సంగతి మరిచిపోయిన చరిత్ర.

ముందు రాయి సంగతి చూడాలి. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది పుట్టినప్పుడు ఇక్కడ గడ్డి పరక లేదు, జంతువు లేదు. ఉన్నదల్లా కంటికి ఆనని సూక్ష్మజీవులే. భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున కరిగిన శిల నెమ్మదిగా చల్లారి గట్టిపడితే ఈ గ్రానైటు తయారైంది. నెమ్మదిగా చల్లారింది కనుకే అందులోని స్ఫటికాలు చేతి గోరంత పెరిగాయి. కొత్తగా పగిలిన రాయిని ఎండలో పట్టి చూస్తే మూడు రకాలు కంటికే తెలుస్తాయి. గాజులా మెరిసే క్వార్ట్జ్, గులాబీ లేదా తెలుపు ఫెల్డ్‌స్పార్, నల్లటి అభ్రకం రేకులు.

అంత లోతున పుట్టింది ఇప్పుడు మన కాళ్ల కింద ఎందుకుంది? పైనున్న రాయంతా కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయింది కాబట్టి. నెత్తిన బరువు తగ్గేకొద్దీ కింది శిల కొంచెం ఉబ్బుతుంది. ఉబ్బితే నెరియలు పడతాయి. నిలువున కొన్ని, అడ్డంగా కొన్ని. ఆ నెరియల్లోకి వాన దిగుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన వాననీటికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది, అది ఫెల్డ్‌స్పార్‌ను పట్టుకుని మెల్లగా బంకమట్టిగా మార్చేస్తుంది. క్వార్ట్జ్ లొంగదు, ఇసుకై మిగిలిపోతుంది. అభ్రకంలోని ఇనుము తుప్పు పట్టి మట్టికి ఎరుపు రంగు ఇస్తుంది. నెరియల మధ్య చిక్కిన నలుచదరపు బండకు మూలల్లో మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది, అంచుల్లో రెండు వైపుల నుంచి, ముఖాన ఒక్క వైపు నుంచే. మూలలు ముందు అరుగుతాయి, అంచులు తర్వాత. చివరికి మిగిలేది గుండు. ఇదంతా నేల లోపలే జరుగుతుంది. తర్వాత వానలకు చుట్టూ ఉన్న మెత్తటి మట్టి కొట్టుకుపోతే గుండ్లు ఒకదాని మీద ఒకటి బయటపడతాయి. ఎవరో రాక్షసుడు పేర్చాడనిపించే ఆ దొంతరలు నిజానికి పేర్చినవి కావు, తవ్వి తేలినవి.

హైదరాబాద్ వారసత్వ జాబితాలోకి తొమ్మిది రాతి అమరికలను చేర్చారు. వాటిలో పుట్టగొడుగు ఆకారపు బండ ఒకటి నల్లగండ్లకు తూర్పున ఆనుకునే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. రాళ్లను కాపాడుకుందామని 1996లో ఇక్కడ ఒక సంఘమే పుట్టింది. గోపన్‌పల్లి, నానక్‌రామ్‌గూడ దారుల్లో ఇరవై ఏళ్ల కింద తిరిగినవారికి ఆ సంఘం ఎందుకు పుట్టిందో చెప్పక్కర్లేదు. 250 కోట్ల ఏళ్లుగా నిలిచిన గుట్ట పునాదుల కోసం నెల రోజుల్లో కంకరైపోయింది.

ఈ రాయి ఎలా అరిగిందన్నదే ఊరి భూముల లెక్క తేల్చింది. పైన, మిట్ట నెత్తిన, రాయి బయటపడ్డ చోట మట్టి జానెడు కూడా ఉండదు. అది కంచ. పశువులు మేయడానికి, కట్టెలకు, సీతాఫలాలకు. దానికి దిగువన మొరం నేల, ఆపైన పలచని ఎర్రమట్టి. అది చెల్క. జొన్న, కంది, ఆముదం వానను నమ్ముకుని పండేది అక్కడ. ఇంకా దిగువన, వాలు కొట్టుకొచ్చిన బంకమట్టి పేరుకున్న పల్లంలో నేల నల్లబడుతుంది, నీరు నిలుస్తుంది. అది తరి, వరి పొలం. నిజాం రెవెన్యూ దఫ్తరాల్లో ఖుష్కీ, తరి అని రెండు ముక్కల్లో రాసుకున్నది ఈ నేల క్రమాన్నే. పన్ను కూడా దాన్ని బట్టే. వరి పండిన రోజుల్లో ఆబి (వానాకాలం), తాబి (వేసవి) అని రెండు పంటలు. చెరువు నిండిన ఏడు రెండూ పండేవి, నిండని ఏడు ఆబితోనే సరి.

కంచ నేలను పనికిరానిదని కొట్టిపారేయకూడదు. విశ్వవిద్యాలయం ఆవరణలో ఇనుప యుగపు సమాధులు, నివాసాల ఆనవాళ్లు బయటపడ్డాయి. అక్కడ తవ్వకాలు జరిపిన ఆచార్యుడు కె.పి. రావు బృందం తమకు దొరికిన ఇనుము సుమారు క్రీ.పూ. 2200 నాటిదని చెప్పింది. భారతదేశంలో ఇనుము ఎప్పుడు మొదలైందన్న చర్చలో అది చాలా పాత తేదీ. పెద్దపెద్ద బండలు నిలిపి సమాధులు కట్టిన ఆ మనుషులు తెలంగాణ అంతటా ఇలాంటి రాతి మిట్టల్నే ఎంచుకున్నారు. బండలు దగ్గర్లో దొరుకుతాయి, సాగు భూమి వృథా కాదు, ఎత్తున ఉంటుంది కాబట్టి దూరానికి కనిపిస్తుంది. వాటిలో రెండో కారణం తర్వాత వచ్చినవాళ్లకు కూడా పనికొచ్చింది. ఆ సంగతి ముందుముందు చూద్దాం.

ఇక చెరువు. తెలంగాణ చెరువును చూసి ఇంజనీర్లు మెచ్చుకునేది దాని పొదుపును. వాలుకు అడ్డంగా నెలవంక ఆకారంలో ఒక్క మట్టికట్ట. మిగతా మూడు వైపులా నేల వాలే గోడ. కట్ట లోపలి వైపు అలల తాకిడికి కోసుకుపోకుండా రాతి కట్టుబడి. పొలాలకు నీళ్లు వదలడానికి తూము. నిండితే కట్ట తెగకుండా నీరు పొర్లిపోవడానికి ఒక చివర రాతి మత్తడి, ఆంధ్రా వైపు అలుగు అనేది అదే. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు నీళ్లు. ఇలా ఒకదాని కింద ఒకటి గొలుసుగా సాగుతాయి. అందుకే శేరిలింగంపల్లి మండలంలో ఏ పల్లం పట్టుకుని పోయినా ఒక చెరువు, దాని కింద ఒక కుంట తగులుతాయి. మనిషి పెట్టిన ఏర్పాట్లు కూడా ఉన్నాయి. తూము తీసి మూసే నీరటి, అతనికి ఊరిచ్చే గింజలు, కట్ట మీద మైసమ్మ. కట్టమైసమ్మ గుడి లేని పాత చెరువు తెలంగాణలో అరుదు. కట్ట మీద పెద్ద చెట్లు పెరగనివ్వకుండా, గండి పడితే ముందు పసిగట్టేలా, ఏటా బోనాల పేరిట ఊరంతా కట్టెక్కి ఒకసారి చూసుకునేది. అది భక్తో తనిఖీయో విడదీసి చెప్పడం నావల్ల కాదు.

చెరువుకు పెద్ద శత్రువు ఎండ. హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. ఏడాదిలో ఎండ పీల్చుకోగల నీరు దానికి రెట్టింపుకు పైనే. రెండు మూడు మీటర్ల లోతుండే చెరువులో నీళ్లు దాచుకుని వేసవి దాటడం కష్టం. పాత రైతుకు ఇది తెలుసు. అందుకే చెరువు నీటిని దాచేది కాదు, తిప్పేది. కార్తె దాటకముందే పొలంలోకి, పొలం నుంచి బావిలోకి. చెరువు అడుగు నుంచి ఇంకింది ఆయకట్టు బావుల్లో తేలుతుంది. వేసవిలో ఎండిన చెరువు శిఖంలోంచి, అంటే చెరువు అడుగు నేలలోంచి, పూడిక మట్టి బండ్లకెత్తి చెల్కల్లో చల్లితే, వాలు దింపుకుపోయిన సారం తిరిగి పైకి చేరేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఈ పూడికతీతనే ప్రభుత్వ పనిగా రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల లెక్కతో చేపట్టింది. నల్లగండ్ల లాంటి చోట అప్పటికే పూడిక చల్లుకోవడానికి చెల్కలు లేవు.

ఎందుకు లేవో చెప్పాలంటే రైలు దగ్గర మొదలుపెట్టాలి. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు మార్గం పడింది. బొంబాయి, మద్రాసు లైనుకు నిజాం రాజ్యాన్ని కలిపిన ఆ పట్టాలే ఇప్పటికీ లింగంపల్లి మీదుగా పోతున్నాయి. 2003 నుంచి ఎంఎంటీఎస్ బండ్లూ వాటి మీదే. రైలొచ్చాక కూడా తొంభై ఏళ్ల పాటు ఇక్కడ పెద్దగా మారిందేమీ లేదు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం లేచింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్. జొన్న, కంది లాంటి మెట్ట పంటల మీద పరిశోధనకు అంతర్జాతీయ సంస్థ ఈ దిక్కునే ఎంచుకోవడంలో విశేషం ఉంది. ఆ ఆవరణలో ఎర్రనేల, నల్లనేల రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. ఆ తర్వాత 1974 అక్టోబరు 2న హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇంట్లో నడిచి, తర్వాత ఇక్కడి రెండు వేల మూడు వందల పైచిలుకు ఎకరాల్లోకి వచ్చింది.

అన్ని ఎకరాలు ఒక్క ముక్కగా ఎలా దొరికాయి? దొరికింది కంచ కాబట్టి. సమాధుల దగ్గర చెప్పిన ఆ రెండో కారణమే ఇక్కడా పనిచేసింది. సాగు లేదు, పట్టాలు తక్కువ, ఎక్కువ భాగం సర్కారీ భూమి. పరిహారం గొడవలు లేకుండా పెద్ద ముక్క ఇవ్వాలంటే రాతి నేలే దారి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనా, అదే ఏడాది గచ్చిబౌలిలో ఐఐఐటీ మొదలైనా, నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడలు లేచినా వెనక ఉన్న భూగోళం అదే. ఐటీ కారిడార్ పటాన్ని నేలల పటం మీద పరిచి చూస్తే ముందు నిండింది కంచలు, తర్వాత చెల్కలు, ఆఖరున తరి, శిఖం. అంటే ఊరు తన అవసరాల వరుసలో అడుగున పెట్టిన నేల నుంచి మొదలై పైన పెట్టిన నేల దాకా. గచ్చిబౌలి కంచలో మిగిలిన 400 ఎకరాల్లో 2025 మార్చి చివర యంత్రాలు దిగినప్పుడు విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. కంచ అన్న మాట ఆ వారం రోజులు దేశమంతా పత్రికల్లో తిరిగింది.

పరిపాలన కథ చిన్నది. ఒకప్పుడు నగరం చుట్టూ ఉన్న పల్లెల్లో చాలా భాగం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. తర్వాత హైదరాబాద్ జిల్లా, 1978లో రంగారెడ్డి జిల్లా. శేరిలింగంపల్లి పురపాలక సంఘమై, నల్లగండ్ల లాంటి ఊళ్లను కలుపుకుని, 2007 ఏప్రిల్‌లో తానే జీహెచ్‌ఎంసీలో కలిసిపోయింది. ఆ విడతలో 12 పురపాలక సంఘాలు, 8 పంచాయతీలు నగరంలో చేరాయి. ఇలాంటి పని ఇక్కడే జరగలేదు. పశ్చిమ జర్మనీలో 1960లు, 70లలో ఊళ్లను కలిపి పెద్ద పురపాలక ప్రాంతాలు చేస్తే, 24 వేలకు పైగా ఉన్నవి 8,500 దగ్గరికి దిగాయి. అక్కడ కలిసినవి ఎక్కువగా పల్లెలే. ఇక్కడ పల్లెలు నేరుగా మహానగరంలో పడ్డాయి. కుంటకు ఊరి పెద్దలు కాపలా ఉండటానికీ, వార్డులో ఒక సర్వే నంబరై ఉండటానికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు ఇక్కడి జనం ఎక్కువగా మాట్లాడుకునే విషయానికి వద్దాం. బోరు, ట్యాంకర్.

ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూవిజ్ఞాన సంస్థతో కలిసి నగరానికి దక్షిణాన మహేశ్వరంలో 53 చదరపు కిలోమీటర్ల గ్రానైటు నేలను ఏళ్ల తరబడి పరిశీలించింది. మన కింది రాయి ఎంత నీరు పట్టగలదో అక్కడ తేలింది. పైన పది పదిహేను మీటర్లు అరిగి మెత్తబడిన మట్టిపొర. దాని కింద నెరియలు పడ్డ రాతిపొర, ముప్పై నలభై మీటర్ల లోతు దాకా. ఇంకా కిందికి పోతే నెరియలు అరుదై గట్టి బండ. నీళ్లుండేది ఆ నడిమి పొరలోనే. అందులోనూ రాయి మొత్తంలో నీరు వదలగల చోటు దాదాపు 1.4 శాతం మాత్రమే. అంటే ఘనపు మీటరు రాయిని పూర్తిగా వట్టిపోగొట్టినా చేతికొచ్చేది 14 లీటర్లు.

ఈ ఒక్క అంకె చాలా విషయాలు విప్పుతుంది. వంద మిల్లీమీటర్ల నీరు భూమిలోకి ఇంకితే నీటిమట్టం ఏడు మీటర్లు పైకి లేస్తుంది. అందుకే ఒక మంచి వానాకాలం తర్వాత ఎండిన బావిలో నీళ్లు చూసి జనం ఆశ్చర్యపోతారు. తోడితే దిగిపోవడమూ అంతే వేగం. బ్యాంకులో డబ్బుంది కదా అనుకుంటే అది జేబులో చిల్లర మాత్రమే అని తేలే నేల ఇది.

పదెకరాల్లో వెయ్యి ఫ్లాట్ల గేటెడ్ కాలనీ ఒకటి ఊహించుకోండి. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు ప్రభుత్వ ప్రమాణం ప్రకారం 135 లీటర్లు. రోజుకు 5 లక్షల 40 వేల లీటర్లు, ఏడాదికి సుమారు 19 కోట్ల 70 లక్షల లీటర్లు. ఆ పదెకరాల మీద ఏడాదంతా పడే వాన చుక్క వదలకుండా పట్టినా 3 కోట్ల 24 లక్షల లీటర్లే. రెండు నెలల వాడకం. ఇంకుడు గుంతలు తవ్వితే సమస్య తీరుతుందని చెప్పేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి. గుంతలు తవ్వాల్సిందే, కానీ అవి ఆరింట ఒక వంతుకు మించి తీర్చలేవు. ఇక పూర్తిగా బోర్ల మీదే బతుకుదామంటే, కాలనీ కింది రాయిని ఏటా 350 మీటర్ల మందాన వట్టిపోగొట్టాలి. నీళ్లున్న పొర మందం చూస్తే అందులో పదో వంతు కూడా లేదు. కాబట్టి పదెకరాల బోరు పక్క వందెకరాల నీరు లాగుతుంది. పక్కవాళ్లూ అదే పని చేస్తుంటారు. వెయ్యి అడుగులు దాటి బోర్లు దింపడం ఈ పోటీ ఫలితం. ఆ లోతున ఎప్పుడో ఒక నెరియ తగిలితే అదృష్టం. తగలకపోతే రాతి పొడి, బిల్లు.

సెల్లార్ల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. మూడేసి నాలుగేసి అంతస్తుల లోతు పార్కింగు కోసం తవ్వుతున్నది సరిగ్గా ఆ మెత్తటి మట్టిపొరనే. వాన ఇంకే స్పంజి లాంటి పొరను లేపేసి లారీల్లో తరలించి, దాని స్థానంలో కాంక్రీటు గది కడతారు. వానాకాలంలో గోడల్లోంచి ఊట వస్తే మోటార్లు పెట్టి నాలాలోకి తోడిపోస్తారు. గేటు దగ్గర అదే సమయానికి 5 వేల లీటర్ల ట్యాంకర్ లోపలికొస్తుంటుంది. ఒక్క ఎకరం మీద ఏడాదికి పడే వాన అలాంటి ట్యాంకర్లు 640కి పైనే.

మిగిలిన లోటు తీర్చేది దూరపు నదులే. పడమటి హైదరాబాద్‌కు మొదట మంజీర నీళ్లు, 1990ల నుంచి సింగూరు నీళ్లు అందాయి. 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీరు, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు నగరానికి చేరాయి. కృష్ణ నీరు వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీరు 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎదురెక్కి వస్తాయి. తన వాననీటిని రెండు నదులకూ పంచిన మిట్ట, ఇప్పుడు కరెంటు ఖర్చు పెట్టి ఆ రెండు నదుల నీళ్లనే వెనక్కి తెచ్చుకుంటోంది. వాడాక అవి మురుగై చెరువుల్లోకి దిగుతాయి. అందుకే ఒకప్పుడు వేసవికి ఎండిపోయే చెరువులు ఈ నగరంలో ఏడాది పొడవునా నిండుగా కనిపిస్తాయి. డిటర్జెంట్ల భాస్వరం తిని గుర్రపుడెక్క పరుచుకుంటుంది. అది కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోయి చేపలు తేలుతాయి. నిండిన చెరువు ఆరోగ్యానికి గుర్తు అనుకునే రోజులు పోయాయి.

పైగా నిండిన చెరువు వరదకు అక్కరకు రాదు. ఖాళీగా ఉంటేనే కుంభవృష్టిని మింగగలదు. 2020 అక్టోబరు 13న బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి రోజున పొలం మీద పడ్డ నీటిలో పాతిక ముప్పై శాతం వెంటనే పారితే, కాంక్రీటు మీద పడ్డదానిలో తొంభై శాతం పారుతుంది. అదీ నిమిషాల్లో. విశ్వవిద్యాలయం వైపు నుంచి పాత బొంబాయి రోడ్డు లింగంపల్లి దగ్గర రైలు వంతెన కిందకు దిగే చోట గట్టి వాన పడితే చాలు, బస్సులు ఆగిపోతాయి. మిట్ట మీద మునకేమిటని కొత్తవాళ్లు అనుకుంటారు. మిట్ట మీద కూడా ప్రతి చుక్కకూ ఒక పల్లం ఉంటుంది. ఆ పల్లంలో ఒకప్పుడు ఏముండేదో నక్షా చూస్తే తెలుస్తుంది.

నక్షా చూడటమే ఇప్పుడు పెద్ద వివాదం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడింది. ఆగస్టులో ఇదే మండలంలోని తమ్మిడికుంట శిఖంలో ఉన్నాయంటూ కట్టడాలు కూల్చింది. అప్పటి నుంచి ఎఫ్‌టీఎల్ అన్న మాట ఫ్లాట్ కొనేవాళ్ల నోళ్లలో కూడా నానుతోంది. పూర్తి నీటిమట్టానికి చెరువు ఎంత దూరం పరుచుకుంటుందో ఆ గీత. దానికి బయట, పెద్ద చెరువులకు 30 మీటర్లు, పది హెక్టార్ల లోపు వాటికి 9 మీటర్లు కట్టడాలు కూడదు.

ఆ గీతను నిర్ణయించేది మత్తడి ఎత్తు. నీరు ఎంత ఎత్తుకు చేరితే పొర్లుతుందో అదే పూర్తి మట్టం. అంచుల్లో వంద అడుగులకు ఒక అడుగు వాలున్న చెరువు తీసుకోండి. రాత్రికి రాత్రి ఎవరైనా మత్తడిని ఒక్క అడుగు పగలగొడితే నీటి అంచు వంద అడుగులు వెనక్కి పోతుంది. కిలోమీటరు పొడవు అంచు ఉంటే బయటపడే నేల ఏడున్నర ఎకరాలు. ఐటీ కారిడార్‌లో ఏడున్నర ఎకరాల ధర చెప్పనక్కర్లేదు. రోడ్డు వేసే పేరుతో మత్తడి తగ్గించడం, తూము శాశ్వతంగా తెరిచి ఉంచడం నగర శివార్లలో పాత విద్యలే.

అందుకే ఇప్పటి మట్టాన్ని కొలిచి లాభం లేదు, పాత మట్టం కావాలి. ఉపగ్రహ చిత్రాలు కొన్ని దశాబ్దాల వెనక్కి మాత్రమే పోతాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఇంకా వెనక్కి పోతాయి గానీ వాటి కొలత 1:50,000. అందులో మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు. నిషేధిత 30 మీటర్లు ఆ కాగితం మీద 0.6 మిల్లీమీటర్లు, పెన్సిలు గీత మందం. కోర్టులో రెండు పక్షాలూ ఆ గీతకు లోపల ఒకరు, బయట ఒకరు నిలబడి వాదిస్తారు. చివరికి అందరూ వెతుక్కునేది శిఖం సర్వే నంబర్లు, గట్లు, వాగులు పెద్ద కొలతలో గీసిన పాత గ్రామ నక్షానే. పన్ను సరిగ్గా వసూలు చేసుకోవడానికి గీయించిన కాగితం అది.